అలారం మోగని డెబ్బై నిమిషాలు

సకల జనుల సమ్మె నడుస్తున్న రోజులు. గురువారం. పగలు రెండు గంటల పది నిమిషాలు. కోరుట్ల బస్టాండు దగ్గర మేడ మీద ఉన్న మా కేబుల్ టీవీ కంట్రోల్ రూము. రోజు విషయంలో గానీ, టైము విషయంలో గానీ నాకు అనుమానం లేదు. ఆ టైమును రిజిస్టరులో నా చేతితో నేనే రాశాను.

దయ్యాలను నేను నమ్మను. నమ్మేవాళ్లను మొహం మీదే తిట్టిన మనిషిని. సిరిసిల్లలో సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, బట్ట నేసే రోజుల్లో, ఒక కార్ఖానాలో ఉరి పెట్టుకున్న మనిషి సాంచ దగ్గర నిలబడటానికి ఎవరూ ఒప్పుకోకపోతే, ఆరు నెలలు దాన్ని నేనే నడిపాను. నాకేమీ కనబడలేదు, వినబడలేదు. బట్ట మంచిగానే దిగింది.

నలభై మూడేళ్లకు రాత్రి బడిలో అక్షరాలు నేర్చుకున్నాను. కాబట్టి ఇది పండితుడు రాసినట్టు ఉండదు. చూసింది చూసినట్టు రాస్తాను. ఇందులో నేను చేసిన తప్పు ఒకటుంది, దాన్ని కూడా దాచను.

సాంచాలు వదిలేసి కోరుట్ల వచ్చాక నాకు కేబుల్ ఆఫీసులో కుర్చీ దొరికింది. పని పెద్దది కాదు. మిషన్ల ముందు కూర్చోవాలి, టీవీలో బొమ్మ ఆగిపోతే చూడాలి, రిజిస్టరులో రాయాలి, లైన్‌మన్‌కు చెప్పాలి. మా అక్క లక్ష్మి, బావ నర్సయ్య కూడా సిరిసిల్ల నుంచి వచ్చి మా వాడలోనే ఉండేవారు. అక్క బీడీలు చేసేది. బావకు నేత దుమ్ము వల్ల ఆయాసం. అయినా నోరు మాత్రం గట్టిది. బావ, బావమరిది కలిస్తే ఒకరినొకరు ఎంత మాటైనా అనుకోవడం మా దగ్గర మామూలే. అనకపోతేనే ఏదో గొడవ జరిగిందనుకుంటారు.

సమ్మెకు మద్దతుగా బస్టాండు ముందు గుడారం వేసి రిలే నిరాహార దీక్షలు పెట్టారు. రోజుకు కొందరు పొద్దున దండలు వేసుకొని కూర్చుంటారు, సాయంత్రం నిమ్మరసం తాగి లేస్తారు. మరునాడు వేరేవాళ్లు. మధ్యలో కొందరు గుడారం వెనక తిని వస్తున్నారని ఊళ్లో గుసగుసలు లేచాయి. సోమవారం కూర్చునేవాళ్ల పట్టీలో మా బావ పేరుంది.

ముందు రోజు, అంటే ఆదివారం, నేను గుడారంలో లైటు వైరు లాగుతున్నాను. ఇరవై మంది దాకా ఉన్నారు. నాకు నోరు ఊరుకోలేదు.

"మా బావ దీక్ష నాకు తెల్వదా? పొద్దుగాల మెడల దండ, పగటీలి గుడారం ఎనుక బోటికూర!"

అందరూ పడీపడీ నవ్వారు. బావ కూడా నవ్వి, తిరిగి నన్ను అంతకన్నా పెద్ద మాట అనాలి. పద్ధతి అది. బావ నవ్వలేదు. నా చేతిలోని వైరు వైపు చూశాడు.

"మీ కేబులు కెమెర నా మీద పెట్టు బామ్మర్ది. రాత్రి పగలు పెట్టు. నేను తింటె ఊరంత చూస్తది. గీ ఇరువై మంది ముంగట అన్నవు కదా, గీళ్ల ముంగటనే తప్పయింది బావా అను. నువ్వు అనేదాక నేను లేవ."

నేను అప్పుడే అంటే అయిపోయేది. ఒక్క మాట. "అబ్బో, సూద్దాం గని" అన్నాను.

మా ఓనర్ ప్రతాప్ సారుకు ఈ సంగతి తెలిసి సంబరపడ్డాడు. ఊరంతా చూసే లైవ్ దొరికిందని ఆ సాయంత్రమే కొత్త మిషన్ బిగించమన్నాడు. గుడారంలో కెమెరా, దాని వైరు మా రూములోని పెట్టెకు, అక్కడి నుంచి లోకల్ చానల్‌కు. పెట్టె బిగించడానికి కరీంనగర్ నుంచి సలీం అనే టెక్నీషియన్ వచ్చాడు.

ఆ పెట్టెకు అలారం ఉంది. బొమ్మ పోతే, శబ్దం పోతే, బొమ్మ కదలకుండా నిలిచిపోతే అది కంప్యూటర్‌కు చెబుతుంది. కంప్యూటర్ రూములో గంట మోగించి, మా సెల్లులకు మెసేజ్ పంపుతుంది. ఎవరి నంబర్లకు పోవాలో, ఎంతసేపు ఆగి పోవాలో సలీం ఒక్కొక్కటే అడిగి ఎక్కించాడు. నంబర్లు రెండు: సారుది, నాది. బొమ్మ ఎంతసేపు నిలిచిపోతే అలారం కొట్టాలని అడిగాడు. అంతకు ముందు ఒకసారి సీరియల్ బొమ్మ పూట సేపు బిగుసుకుపోయి జనం తిట్టిన తిట్లు సారుకు గుర్తున్నాయి.

"ఒక్క నిమిషం" అన్నాడు సారు.

"సార్, గుడారం కెమెరకు గా నిమిషం లెక్క పెట్టకుండ్రి" అన్నాడు సలీం. "పండుకున్న మనిషిని చూపెడుతున్నం. ఊపిరి తీసుకుంటె మిషనుకు ఆనదు. కదలకపోతె బొమ్మ ఆగిందనుకోని ఊకె కొడుతది."

"కదులుమందాం. గంత దానికేంది?"

మెసేజులో రావడానికి ఆ కెమెరాకు ఏం పేరు పెట్టాలని సలీం అడిగితే, బావ అని పెట్టమన్నాను. అందరూ మళ్లీ నవ్వారు. సలీం పాస్‌వర్డ్ పెట్టి వెళ్లిపోయాడు. పాస్‌వర్డ్ ఫోనులో చెప్పకూడదని వాళ్ల కంపెనీ నియమం. ఏదైనా మార్చాలంటే తానే వచ్చి మారుస్తానన్నాడు. మరునాటి నుంచి బస్సులు బంద్ అయ్యాయి.

సోమవారం బావ కూర్చున్నాడు. సాయంత్రం నిమ్మరసం ఇస్తే తాగలేదు, లేవలేదు. అప్పటి నుంచి నీళ్లు కూడా సరిగా ముట్టలేదు. పట్టీలో రోజూ వేరేవాళ్ల పేర్లు రాశారు. ఒకే మనిషి రోజుల తరబడి కూర్చున్నాడని తెలిస్తే పోలీసులు ఎత్తుకెళ్తారని శిబిరం వాళ్ల భయం. కాగితం మీద మంగళవారం ఇంకొకరు, బుధవారం ఇంకొకరు. మంచం మీద మాత్రం మా బావే.

అలారం సంగతి సలీం చెప్పినట్టే అయింది. బావ కన్ను మూస్తే చాలు, రూములో గంట, సెల్లులో మెసేజ్: బావ ఫ్రీజ్. సారు సెల్లుకూ అదే. పదిసార్లు రాగానే సారు ఫోను చేసి తిట్టాడు. అలారం బంద్ చేయడం నాకు రాదు. సలీంను రమ్మంటే బస్సు లేదు. అప్పుడు నేనొక ఉపాయం చేశాను. అది కూడా నేను చేసిందే.

అక్క సెల్లును బావ తలగడ పక్కన పెట్టించాను. అలారం మోగగానే అక్క సెల్లుకు మిస్డ్ కాల్ ఇస్తాను. అది మోగితే బావ కుడిచెయ్యి పైకి లేపి దించాలి. బొమ్మ కదిలిందని మిషన్ ఊరుకుంటుంది.

బావ ఒప్పుకున్నాడు. "నేను బతికున్ననని నీకు చూపెట్టుడే కదా. చూపెడుత" అన్నాడట అక్కతో.

సోమ, మంగళవారాలు మెలకువ ఉన్నప్పుడు తనే లెక్క పెట్టుకొని నిమిషానికోసారి చెయ్యి లేపేవాడు. టీవీలో చూసి పిల్లలు వీధుల్లో అట్లాగే చేతులు లేపి ఆడుకున్నారు. నేను కూడా నవ్వాను. బుధవారానికి చెయ్యి మోచేతి వరకే లేచేది. అలారాలు ఎక్కువయ్యాయి. ప్రతిదాన్నీ రిజిస్టరులో రాశాను. అక్షరాలు ఆలస్యంగా నేర్చుకున్నవాడికి రాయడం మీద మోజు ఎక్కువ ఉంటుంది. ఒక్కటి కూడా వదలలేదు.

అక్క మూడు రోజులూ నా వెంట పడింది. ఒక్క మాట అనిపో తమ్మీ అని. డ్యూటీ వదిలి ఎట్లా వస్తానని తప్పించుకున్నాను. గుడారం నా కుర్చీ నుంచి రెండు వందల అడుగుల దూరం లేదు.

గురువారం పొద్దున అలారం రెండు మూడు నిమిషాలకోసారి మోగింది. శిబిరం వాళ్లంతా మెట్‌పల్లి రోడ్డు మీద రాస్తారోకోకు పోయారు. సారు కూడా అక్కడే. పన్నెండుకు ఊరంతా కరెంటు పోయింది. మా రూములో ఇన్వర్టర్ ఉంది. గుడారంలో కెమెరా బ్యాటరీ మీద నడుస్తోంది. ఊళ్లో టీవీలు ఆగిపోయాయి కాబట్టి బావ బొమ్మ ఆ సేపు మా రూములోని టీవీలో తప్ప ఎక్కడా కనబడదు. రూములో నేను, లైన్‌మన్ గంగారాం ఉన్నాం.

పన్నెండు యాభైకి అక్క మెట్లెక్కి వచ్చింది.

"తమ్మీ, మాట పడిపోతాంది. నాలికె ఎండిపోయింది. ఒక్క మాట అంటె నీ సొమ్మేం పోతది?"

"చెయ్యి లేపుతనే ఉన్నడు కదా. గంత పంతం ఉన్నోనికి పాణం కూడ ఉంటది."

"నువ్వు మనిషివేనారా?"

గంగారాం ముందు ఆ మాట అనేసరికి నాకు కోపం వచ్చింది. వదిలించుకోవాలని ఒక మాట అన్నాను. "సరే పో. ఈసారి అలారం మోగితె నేనే అచ్చి చెప్త. పో."

"ఒట్టు?"

"ఒట్టు. అలారం మోగాలె, నేను దిగాలె."

అక్క వెళ్లింది. మేడ దిగి, ఎదురింటి నుంచి ఇంత నీళ్లు పట్టుకొని గుడారానికి చేరేసరికి ఒంటిగంట నమాజు పిలుపు వినబడుతోందని ఆమె తర్వాత చెప్పింది. అక్క ఇంకా గుడారానికి చేరకముందే, పన్నెండు యాభై ఎనిమిదికి, ఒక అలారం మోగింది. ఒట్టు వేసి అయిదు నిమిషాలు కాలేదు. నేను దిగలేదు. అక్క గుడారంలో లేదు కదా, ఆమె చేరాక మోగినదే లెక్క అనుకొని మిస్డ్ కాల్ ఇచ్చాను. బావ చెయ్యి కొద్దిగా లేచింది. రిజిస్టరులో రాసి కూర్చున్నాను.

ఆ తర్వాత అలారం మోగలేదు.

మొదట మేం పట్టించుకోలేదు. ఒంటిగంట పదికి గంగారాం టీవీ చూసి అన్నాడు, "అన్నా, మీ బావ ఇయ్యాల మంచిగ డ్యూటీ చేస్తాండు. నీ కంటె నయం."

చూశాను. బావ చెయ్యి లేస్తోంది. పొద్దుటిలాగా మోచేతి వరకు కాదు. నిటారుగా లేచి, కాసేపు ఆగి, మెల్లగా ఛాతీ మీదికి దిగుతోంది. నిమిషానికి ఒకసారి, గడియారం చూసుకొని లేపినట్టు. మొహం మాత్రం పక్కకు తిరిగి ఉంది. మంచం పక్కన ప్లాస్టిక్ కుర్చీ, ఆ కుర్చీ మీద స్టీలు గ్లాసు. కుర్చీలో ఎవరూ లేరు. ఇది నన్ను ఎన్నిసార్లు అడిగినా ఇట్లాగే చెబుతాను. గంగారాం కూడా ఇదే చెబుతాడు. కుర్చీలో ఎవరూ లేరు.

నాకు లోపల ఇంకో రకమైన కోపం వచ్చింది. అక్క పోయి నా ఒట్టు సంగతి చెప్పి ఉంటుంది. అలారం మోగితే బామ్మర్ది వస్తాడు. వాడు రాకూడదు, వాని మాట నాకు అక్కర లేదు అని కావాలనే లేపుతున్నాడనుకున్నాను. లేపు, ఎంతసేపు లేపుతావో చూస్తా అనుకొని అన్నం డబ్బా విప్పాను. అవును, తిన్నాను. ఆకలితో ఉన్న మనిషి బొమ్మ ముందు కూర్చొని పప్పు, తొక్కు కలుపుకొని తిన్నాను. ప్రతి నాలుగు ముద్దలకు చెయ్యి లేచింది.

రెండు పదికి గంట మోగింది. సెల్లులో మెసేజ్. బావ ఫ్రీజ్.

ఒట్టు గుర్తుంది. కానీ అలవాటు కొద్దీ ముందు మిస్డ్ కాల్ ఇచ్చాను. చెయ్యి లేవలేదు. మళ్లీ ఇచ్చాను. లేవలేదు. మూడోసారి అక్క ఎత్తింది.

"అక్కా, బావను ఒక్కసారి చెయ్యి లేపుమను. నేను అస్తాన."

అక్క ఏడుపు లేకుండా, మామూలు గొంతుతో మాట్లాడింది. ఆ గొంతు నాకు ఇప్పటికీ వినబడుతుంది.

"ఇప్పుడు మోగిందా తమ్మీ? ఒంటిగంట సంది చెయ్యి పట్టుకోని కూసున్న. లేపనియ్యలేదు. కదలకుంటెనే కదా నీ అలారం మోగుతది, మోగితెనే కదా నువ్వు అస్తవు. రెండు చేతులతోని ఒళ్లె పెట్టుకోని గట్టిగ పట్టుకున్న. ఒక్కసారి గూడ ఫోను మోగలె. ఇప్పుడు ఇడిసిపెట్టిన. సల్లగున్నది."

గంగారాం, నేను పరుగెత్తాం. అక్క ప్లాస్టిక్ కుర్చీలో కూర్చొని ఉంది. గ్లాసు కింద నేల మీద ఉంది. బావ కుడిచేతి మీద అక్క వేళ్ల గుర్తులు పడి ఉన్నాయి.

డాక్టరు వచ్చి చూసి, మేం పరుగెత్తుకొచ్చేసరికే ప్రాణం పోయి ఎట్లా లేదన్నా గంట అయిందన్నాడు. ఆయనను రెండుసార్లు అడిగాను. గంటకు తక్కువ కాదన్నాడు.

అంటే ఒంటిగంట పది ఆ ప్రాంతం. గంగారాం టీవీ చూసి నాకంటే నయమన్న టైము.

అలారం అనుకున్నట్టు మోగి ఉంటే ఒంటిగంట రెండు నిమిషాలకే నేను మెట్లు దిగేవాణ్ని. ఒకసారి మాట తప్పినవాడు ఈసారి దిగేవాడా అని మీరు అడగవచ్చు. దిగేవాణ్నని నేను అంటాను. దవాఖానకు మోసుకుపోయేవాళ్లమేమో. కనీసం ఆ మాట అన్నా చెవిన పడేది. ఆ ఇరవై మంది లేకపోయినా అనేవాణ్ని.

దీక్షలో పోయాడని శిబిరం వాళ్లు ఊరేగింపు తీస్తామన్నారు. అక్క ఒప్పుకోలేదు. తర్వాత వాళ్లకు కూడా గుర్తొచ్చింది, గురువారం పట్టీలో బావ పేరు లేదని. ఆ రోజు పట్టీలో పేరున్నాయన ఆ టైముకు ఇంట్లో అన్నం తిని పడుకున్నాడు. కాగితం మీద మా బావ దీక్షలోనే లేడు.

కెమెరా బొమ్మ కంప్యూటర్‌లో రికార్డు అవుతుంది. అది చూస్తే తెలిసిపోయేది. కేసు అవుతుందన్న భయంతో ప్రతాప్ సారు ఆ సాయంత్రమే వచ్చి దాన్ని తుడిపించాడు. తుడిచింది నేనే. సారు ఇక్కడ నొక్కు, అక్కడ నొక్కు అన్నాడు, నేను నొక్కాను.

శుక్రవారం బావను కాల్చి వచ్చాక సారు ఇంకో పని చేశాడు. ఆ చానల్‌లోనే బావ ఫొటోకు పూల అంచు పెట్టి పొద్దంతా చూపించాడు. ఫొటో కదలదు. నిమిషానికోసారి గంట, నిమిషానికోసారి మెసేజ్. బావ ఫ్రీజ్. బావ ఫ్రీజ్. సారు తన సెల్లు ఆపేసుకున్నాడు. నేను ఆపలేదు. టైములన్నీ రాసుకుంటూ కూర్చున్నాను. మధ్యలో ఒకసారి లేచి ఫొటో ముందు నిలబడి "తప్పయింది బావా" అన్నాను. గంట ఆగలేదు.

సమ్మె అయిపోయాక బస్సులు నడిచాయి, సలీం వచ్చాడు. పెట్టె తనలో తాను రాసుకునే జాబితా ఒకటుంటుందట. అది తెరిచి నా రిజిస్టరు పక్కన పెట్టి చూశాడు. నిమిషాలతో సహా రెండూ ఒకటే. పన్నెండు యాభై ఎనిమిది తర్వాత రెండు పది వరకు అలారం లేదు. అంతసేపు బొమ్మలో కదలిక ఉందనే అది రాసుకుంది.

"అక్క కదిలి ఉంటది కాకా. ఆమెను చూసే కదిలిందనుకున్నది" అన్నాడు.

అక్క బొమ్మలో లేదు అన్నాను. కుర్చీ ఖాళీగా ఉందన్నాను. చెయ్యి లేవడం ఇద్దరం చూశామన్నాను. సలీం పాస్‌వర్డ్ కొట్టి ఆ అలారం తీసేశాడు. అర నిమిషం పని.

గంగారాం ఇప్పుడు మల్యాల దగ్గర ఉంటాడు. ఎప్పుడు కలిసినా ఆ డెబ్బై నిమిషాల గురించి నేను అడుగుతాను, అతను అదే చెబుతాడు. ఆకలి మీద ఉన్నవాణ్ని చూసి కళ్లు భ్రమపడ్డాయని నాకు కొందరు చెప్పారు. ఆకలి మీద ఉన్నది బావ. నేను తింటున్నాను.

అక్క నాతో ఏడాది మాట్లాడలేదు. తర్వాత ఒకసారి జగిత్యాలలో పెళ్లి బంతిలో పక్కపక్కన కూర్చోవలసి వచ్చింది. విస్తరి వైపు చూస్తూ అంది, "నీ మాట ఆయనకు వద్దనిపించింది తమ్మీ. గంతే. నేను పట్టుకున్నా ఆగలేదు." ఆ తర్వాత తిన్నది. నేను కూడా తిన్నాను.

అది నిజమో కాదో నాకు తెలియదు. దయ్యాలను ఇప్పటికీ నమ్మను. కానీ ఆ చెయ్యి ఎవరిదో చెప్పమంటే చెప్పలేను.

ఆ గురువారం ఒంటిగంట నుంచి రెండు పది దాకా అక్కడ ఉన్నవాళ్ల పేర్లు రాసి ఆపుతాను. కంట్రోల్ రూములో రాజమల్లు, అంటే నేను, లైన్‌మన్ గంగారాం. గుడారంలో మా అక్క లక్ష్మి. మెట్‌పల్లి రోడ్డు మీద, సెల్లు జేబులో పెట్టుకొని ప్రతాప్ సారు. ఇక మా బావ నర్సయ్య. ఆయన ఉన్నాడని రాస్తే డాక్టరు ఒప్పుకోడు. లేడని రాస్తే నేను, గంగారాం ఒప్పుకోము.